రక్తం తక్కువుందని రిపోర్ట్ వస్తే ఏం చేయాలి, ఏం చేయకూడదు

మా తిరుపతి పక్క బ్లడ్ రిపోర్ట్ చేతికొస్తే జనం చూసేది ఒక్కటే లైను, హెచ్‌బీ (హిమోగ్లోబిన్, ఎర్ర కణాల్లో ఆక్సిజన్ మోసే పదార్థం) ఎంతుంది అని. అది పదికి తగ్గిందా, "రక్తం లేదంట" అనుకుంటా నేరుగా మెడికల్ షాపుకి పోయి ఒక టానిక్ బాటిలు, దార్లో రెండు దానిమ్మకాయలు, అరకేజీ బీట్‌రూట్ కొనుక్కోని ఇంటికి పోతారు. నేను ల్యాబ్‌లో పనిచేస్తా, ఇది రోజూ చూసేదే, చూసినప్పుడల్లా వాళ్లని ఆపి కూర్చోబెట్టి చెప్పాలనిపిస్తుంది. రక్తం తక్కువ అనేది జబ్బు కాదు, లోపల ఇంకేదో జరగతా ఉందని చెప్పే గుర్తు. ఐరన్ తగ్గి ఉండొచ్చు, బీ12 తగ్గి ఉండొచ్చు, కడుపులో పుండు పడి తెలీకుండా రక్తం పోతా ఉండొచ్చు, పుట్టుకతోనే వచ్చిన తలసేమియా లక్షణం (వంశంలో వచ్చే తలసేమియా అనే రక్త జబ్బు జన్యువు ఒక్కటి మాత్రమే ఒంట్లో ఉండటం) కూడా అయ్యుండొచ్చు. ఒక్కోదానికి ఒక్కో మందు, ఒకదానికి వాడేది ఇంకోదానికి పనిచేయదు, కొన్నిసార్లు చెడు కూడా చేస్తుంది. అందుకే ఎంత తగ్గింది అన్నదాని కంటే ఎందుకు తగ్గింది అన్నది ముందు కనుక్కోండి.

అసలు టెస్ట్ చేయించుకోవాలని ఎప్పుడు అనిపించాలి అంటే, అలిపిరి మెట్లు గాలిగోపురం దాకా ఆగకుండా ఎక్కే మనిషి ఈసారి పది మెట్లకోసారి కూర్చుంటా ఉంటే, గుండె దడదడ కొట్టుకుంటా ఉంటే, వయసు అయిపోయిందిలే అని వదిలేయొద్దు. కింది కనురెప్ప కొంచెం లాగి చూడండి, లోపల ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయి ఉంటే అనుమానించాల్సిందే. జుట్టు రాలడం, గోర్లు పలచబడి మధ్యలో గుంట పడ్డం, నోటి మూలలు పగలడం ఇవన్నీ కూడా. ఇంకోటి మనోళ్లు అస్సలు పట్టించుకోనిది, పచ్చి బియ్యం నమలడం. పచ్చి బియ్యం తింటే పెళ్లిలో వాన పడుతుందని ఆటపట్టిస్తాం గానీ, చేట ముందు కూర్చుని గుప్పెళ్లు గుప్పెళ్లు నోట్లో వేసుకునే అమ్మాయికి, సుద్ద తినే పిల్లోడికి, ఐసు ముక్కలు కరకరా నమిలే ఆడోళ్లకి చాలాసార్లు ఐరన్ తక్కువగా ఉంటుంది. ఐరన్ ఎక్కించాక ఆ తిండి మీద మోజు దానంతట అదే పోతుంది. తిట్టి మాన్పించే అలవాటు కాదది.

మామూలుగా మగవాళ్లకి 13, ఆడవాళ్లకి 12, గర్భిణులకి 11 కంటే హెచ్‌బీ తగ్గితే రక్తహీనత అంటారు. గర్భిణుల్లో 7 కంటే తగ్గితే అది చాలా సీరియస్, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. మన రాష్ట్రంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది, అంటే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు ఉంటే ఒకరికి ఉన్నట్టే లెక్క. అయినా ఇది మనకి మామూలే అన్నట్టు బతికేస్తా ఉంటాం.

సరే, రిపోర్ట్ దగ్గరికి వస్తాం. హెచ్‌బీ ఒక్కటే చేయించుకోవద్దు, సీబీపీ అని పూర్తి టెస్ట్ చేయించుకోండి, కొన్ని చోట్ల సీబీసీ అని రాస్తారు, రెండూ ఒకటే. అందులో హెచ్‌బీ కింద ఎంసీవీ అని ఒకటుంటుంది, ఎర్ర కణం సైజు అది. 80 నుంచి 100 మధ్య ఉంటే మామూలు. 80 కంటే తక్కువుంటే కణాలు చిన్నవి అయిపోయాయని, ఎక్కువగా ఐరన్ లోపం గానీ తలసేమియా లక్షణం గానీ ఉంటుంది. 100 దాటితే కణాలు ఉబ్బాయని, బీ12 గానీ ఫోలిక్ యాసిడ్ గానీ తగ్గిందేమో, లేదా మందు తాగే అలవాటు, లివరు, థైరాయిడ్ ఏమన్నా ఉందేమో చూడాలి. ఈ ఒక్క నంబరు చూసుకుంటే సగం దారి తెలిసిపోతుంది, అయినా దాన్ని ఎవరూ చూడరు.

ఇప్పుడు చిన్న కణాలు అని వచ్చింది అనుకోండి, ఐరనా తలసేమియానా ఎట్లా తెలుస్తుంది? అదే కాగితంలో ఆర్‌బీసీ కౌంట్, అంటే ఎర్ర కణాల లెక్క ఉంటుంది. ఎంసీవీని ఆర్‌బీసీ కౌంట్‌తో భాగించండి. ఉదాహరణకి ఎంసీవీ 70, ఆర్‌బీసీ 4.0 అయితే 17.5 వస్తుంది, 13 కంటే ఎక్కువ కాబట్టి ఐరన్ లోపం వైపు చూపిస్తుంది. అదే ఎంసీవీ 62, ఆర్‌బీసీ 5.6 అయితే 11 వస్తుంది, 13 కంటే తక్కువ, అంటే కణాలు చిన్నవే గానీ లెక్క మాత్రం ఎక్కువ, ఇది తలసేమియా లక్షణం అయ్యే అవకాశం ఎక్కువ. ఇది అనుమానం కోసం వేసే లెక్క మాత్రమే, తేల్చేది కాదు. తేల్చాలంటే ఐరన్ కోసం ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, తలసేమియా కోసం హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ అనే టెస్ట్ చేయించాలి, అందులో హెచ్‌బీ ఏ2 అనే రకం 3.5 శాతం దాటితే బీటా తలసేమియా లక్షణం ఉన్నట్టు. ఐరన్ బాగా తగ్గి ఉన్నప్పుడు ఈ ఏ2 కూడా తగ్గి కనపడొచ్చు, అందుకని ముందు ఐరన్ సరిచేసి మళ్లీ చూస్తారు. ఈ మధ్యనే రక్తం ఎక్కించి ఉంటే ఆ మాట కూడా ల్యాబ్‌లో ముందే చెప్పండి, వేరేవాళ్ల రక్తం కలిసి ఉంటుంది కాబట్టి రిజల్ట్ తప్పు వస్తుంది.

ఐరన్ లోపం అని తేలితే మాత్ర ఎట్లా వేసుకోవాలో చాలామందికి ఎవరూ సరిగ్గా చెప్పరు. టీ తాగి మాత్ర వేసుకోవడం, మాత్ర వేసుకుని టీ తాగడం రెండూ వద్దు, టీ కాఫీకి మాత్రకి కనీసం గంటో రెండు గంటలో తేడా ఉండాలి. పాలతో వద్దు, క్యాల్షియం మాత్రతో కలిపి అసలు వద్దు. గర్భిణులకి రెండూ ఇస్తారు కదా, ఒకటి పొద్దున ఒకటి రాత్రి పెట్టుకోండి. నిమ్మకాయ నీళ్లతోనో ఉసిరికాయతోనో జామకాయతోనో వేసుకుంటే బాగా పడుతుంది. పరగడుపున వేసుకుంటే ఇంకా మంచిది గానీ కడుపులో తిప్పితే తిన్న తర్వాత వేసుకోండి, వేసుకోకుండా ఉండటం కంటే అది నయం. విరేచనం నల్లగా వస్తుంది, భయపడొద్దు, మాత్ర వల్లే. మలబద్ధకం వస్తే డాక్టరుకి చెప్తే మాత్ర మారుస్తారు, రోజు మార్చి రోజు వేసుకోమని కూడా చెప్పొచ్చు. మూడు నాలుగు వారాలకి హెచ్‌బీ పెరగడం మొదలవ్వాలి, పెరగకపోతే కారణం వేరే ఉందని అర్థం. ఇంకో ముఖ్యమైన మాట, హెచ్‌బీ 12 అయిందని మాత్రలు ఆపేస్తారు అందరూ, ఆపొద్దు, ఒంట్లో నిల్వలు నిండాలంటే ఆ తర్వాత ఇంకో మూడు నెలలైనా వాడాలి, లేకపోతే ఆరు నెలల్లో మళ్లీ మొదటికొస్తారు. ఈ మాత్రలు ఎర్రగా చాక్లెట్ లాగా ఉంటాయి, చిన్న పిల్లలు మింగితే ప్రాణం మీదకి వస్తుంది, అందనంత ఎత్తులో పెట్టండి.

స్కూల్లో ఆడపిల్లలకీ మగపిల్లలకీ వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర కూడా ఐరన్ మాత్రే, అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. పారేయొద్దని మీ పిల్లలకి చెప్పండి. ఫిబ్రవరి 10, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర ఇస్తారు, అది కూడా మింగించండి. కొంకి పురుగు అని ఒకటుంది, మలం కలిసిన మట్టిలో వట్టి కాళ్లతో తిరిగితే అరికాలు చర్మంలోంచి దూరి పేగుకి పోయి అక్కడ అతుక్కుని రక్తం తాగుతా ఉంటుంది. చిత్తూరు పక్క చెరకు తోటల్లో, చెనక్కాయ చేలల్లో పనిచేసేవాళ్లు చెప్పులు వేసుకోవడం, మరుగుదొడ్డి వాడటం రెండూ రక్తాన్ని కాపాడే పనులే.

తిండి సంగతి. ఎర్రగా ఉన్నవన్నీ రక్తం పట్టిస్తాయని మనకి ఒక నమ్మకం, బీట్‌రూట్, దానిమ్మ, క్యారెట్. మంచి తిండే, తినండి, కానీ వాటిలో ఐరన్ చాలా తక్కువ. మన ఊర్లో దొరికే ఉలవలు, తోటకూర, మునగాకు, అలసందలు, నువ్వులు, అటుకులు వీటిలో అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. ఉలవలు మొలకెత్తించి గుగ్గిళ్లు చేసి నిమ్మరసం పిండుకుని తినండి, మొలకెత్తితే ఐరన్ ఒంటికి ఇంకా బాగా పడుతుంది. రాగి సంగటి మంచిదే, అందులోకి ఆకుకూర పప్పు, పక్కన నిమ్మకాయ ఉంటే ఇంకా మంచిది. మాంసం తినేవాళ్లయితే మేక లివర్ వారానికోసారి తినొచ్చు, గర్భిణులు మాత్రం లివర్ ఎక్కువ తినకూడదు, విటమిన్ ఏ ఎక్కువైపోతుంది. బెల్లం మీద మన జిల్లాకి ప్రేమ ఎక్కువ, చక్కెర కంటే మేలే గానీ బెల్లం తిని రక్తం పెంచుకోవడం కుదరని పని. ఒకసారి 8కి పడిపోయాక తిండి ఒక్కటీ చాలదు, మాత్ర కావాల్సిందే.

మగవాళ్లలో గానీ, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో గానీ ఐరన్ తగ్గిందంటే మాత్రలతో సరిపెట్టుకోవద్దు. రక్తం ఎక్కడికి పోతా ఉంది? మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగే మాత్రలు కడుపులో పుండు చేస్తాయి, అక్కడ్నించి చుక్క చుక్క పోతా ఉంటుంది. ఇంటి పెద్దోళ్లని అడగండి, "అవ్వా, నొప్పి మాత్ర రోజుకెన్ని వేస్తా ఉండావు?" అని, వాళ్లంతట వాళ్లు చెప్పరు. మొలలు ఉండొచ్చు, పేగులో గడ్డ ఉండొచ్చు, ఎండోస్కోపీ చేయించమంటే వెనక్కి తగ్గొద్దు. వయసులో ఉన్న ఆడవాళ్లకి నెలసరి ఏడు రోజులు దాటి అవుతా ఉంటే, గడ్డలు గడ్డలుగా పోతా ఉంటే, ఒకటి రెండు గంటలకే ప్యాడ్ మార్చాల్సి వస్తా ఉంటే అది మామూలు కాదు, గర్భసంచిలో గడ్డలు, థైరాయిడ్, కొందరిలో రక్తం గడ్డకట్టే గుణమే తక్కువ ఉండటం కూడా కారణం కావొచ్చు. సిగ్గుపడి ఏళ్ల తరబడి దాచుకోవద్దమ్మా.

బీ12 గురించి కొంచెం. కొండ మీద గుడి ఉన్న ఊరు, శాకాహారులు ఎక్కువ, పాలు పెరుగు కూడా సరిగ్గా తీసుకోకపోతే బీ12 తగ్గుతుంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కూడా. అరికాళ్లు తిమ్మిర్లు, మంట, నడిస్తే దూది మీద నడిచినట్టు, మతిమరుపు, నాలుక నున్నగా అయిపోవడం ఇవి బీ12 తగ్గిన గుర్తులు. వీళ్లకి వట్టి ఫోలిక్ యాసిడ్ మాత్రే ఇస్తే రక్తం పెరిగినట్టు కనపడుతుంది కానీ నరాలు లోపల దెబ్బతింటానే ఉంటాయి, అందుకే కాళ్ల తిమ్మిర్లు ఉన్నవాళ్లు బీ12 టెస్ట్ చేయకుండా సొంత వైద్యం చేసుకోవద్దు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే విషయం. మన జిల్లాల్లో మేనరికాలు ఎక్కువ, అక్క కూతుర్ని మామకి ఇవ్వడం, మేనత్త కొడుక్కి ఇవ్వడం. బంధుత్వం గట్టిపడుతుంది, ఆస్తి బయటికి పోదు, అన్నీ నిజమే. కానీ తలసేమియా, సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) లాంటివి అమ్మ దగ్గర్నుంచి ఒక జన్యువు, నాయన దగ్గర్నుంచి ఒక జన్యువు, రెండూ చెడ్డవి వస్తేనే జబ్బుగా బయటపడతాయి. ఒక్కటే ఉన్న మనిషి మామూలుగానే ఉంటాడు, పొలం పని చేస్తాడు, ఏమీ తెలీదు. ఒకే తాత అవ్వల వంశంలో పుట్టిన ఇద్దరిలో అదే లోపం ఉండే అవకాశం బయటివాళ్ల కంటే ఎక్కువ. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, మొదటి బిడ్డ బాగుంటే రెండో బిడ్డకి గ్యారెంటీ ఏమీ లేదు. తలసేమియా మేజర్‌తో, అంటే రెండు చెడ్డ జన్యువులతో పుట్టిన బిడ్డ మొదట్లో బాగానే ఉంటుంది, ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు తెల్లగా పాలిపోయి, పాలు తాగక, కడుపు ఉబ్బి, ఎదుగుదల ఆగిపోతుంది. అక్కడ్నించి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటానే బతకాలి. ఎక్కించిన రక్తంలోని ఐరన్ గుండెలో, లివర్‌లో పేరుకుంటుంది కాబట్టి దాన్ని బయటికి పంపే మందులు రోజూ వాడాలి. ఈ పిల్లలకి ఐరన్ టానిక్ పోయడం అంటే మంట మీద నూనె పోసినట్టే.

జాతకం చూసినట్టే పెళ్లికి ముందు ఒక్కసారి సీబీపీ, హెచ్‌పీఎల్‌సీ చేయించండి, అబ్బాయికైనా అమ్మాయికైనా. ముందు ఒకరికి చేస్తే చాలు, వాళ్లకి లక్షణం లేదంటే తలసేమియా మేజర్ భయం దాదాపు లేనట్టే. ఉందంటే రెండోవాళ్లకి కూడా చేయించాలి. పెళ్లి అయిపోయి ఉంటే గర్భం తెలిసిన వెంటనే చేయించండి, మూడో నెలలోపైతే ఇంకా మంచిది. ఇద్దరికీ ఉందని తేలితే 10 నుంచి 12 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకి జబ్బు ఉందో లేదో చెప్పగలరు. లక్షణం మాత్రమే ఉన్నవాళ్లని జబ్బు మనిషి అనొద్దు, పెళ్లి సంబంధాలు చెడగొట్టొద్దు, వాళ్లకేమీ కాదు, మందు కూడా అక్కర్లేదు.

సికిల్ సెల్ మన రాష్ట్రంలో ఎక్కువగా ఏజెన్సీ గిరిజనుల్లో కనిపిస్తుంది, 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లకి ఉచితంగా టెస్టులు చేస్తా ఉంటారు. మన దగ్గర యానాది, ఎరుకల, సుగాలి కుటుంబాల్లో ఎవరికైనా చేతులు కాళ్ల ఎముకల్లో భరించలేని నొప్పి మళ్లీ మళ్లీ వస్తా ఉంటే, పిల్లల చేతివేళ్లు వాస్తా ఉంటే ఈ టెస్ట్ అడగండి. ఉన్నవాళ్లు నీళ్లు బాగా తాగాలి, చలిలో, మండే ఎండలో ఒళ్లు అలిసేలా పని చేయకూడదు, జ్వరం వస్తే ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

రక్తం ఆగని జబ్బు హిమోఫిలియా. కొండ మీద కల్యాణకట్టలో పిల్లోడికి గుండు చేయించేటప్పుడు చిన్న గాటు పడింది, చెవులు కుట్టించారు, పాల పన్ను ఊడింది, గంటలు గడిచినా రక్తం కారతానే ఉంటే గానీ, పాకే వయసులో మోకాళ్లు వాచి నల్లగా కమిలిపోతా ఉంటే గానీ గుర్తుపెట్టుకోండి. దాదాపు మగపిల్లలకే వస్తుంది, తల్లి ద్వారా వస్తుంది, అట్లాగని తల్లిని అనడానికి లేదు, దాదాపు మూడో వంతు మందిలో వంశంలో ఎవరికీ లేకుండానే కొత్తగా వస్తుంది. ప్లేట్‌లెట్లు (రక్తాన్ని ఆపే చిన్న కణాలు) మామూలుగా ఉండి, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఏపీటీటీ అనే టెస్ట్ ఎక్కువ వస్తే ఫ్యాక్టర్ 8, ఫ్యాక్టర్ 9 అనే గడ్డకట్టించే ప్రోటీన్లు చూస్తారు. ఈ పిల్లలకి పిరుదు మీద, జబ్బ మీద కండకి వేసే ఇంజెక్షన్లు, ఆస్పిరిన్ వద్దు, పంటి డాక్టరు దగ్గరికి పోయినా ముందే చెప్పాలి.

ప్లేట్‌లెట్లు అంటే మనకి గుర్తొచ్చేది డెంగీ. మన పక్క అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడి డ్రమ్ముల్లో, టైర్లలో, కూలర్లలో నీళ్లు నిలుస్తాయి, ఆ దోమ పగలు కుడుతుంది. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు ఉండాల్సిన ప్లేట్‌లెట్లు 40 వేలు అనగానే ఇంటిల్లిపాదీ దాతల కోసం ఫోన్లు మొదలుపెడతారు. రక్తస్రావం లేకపోతే 10 వేలకి తగ్గేదాకా ఎక్కించాల్సిన పని సాధారణంగా ఉండదు. అసలు ప్రమాదం జ్వరం తగ్గిన రోజు మొదలవుతుంది, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, మూత్రం తగ్గడం కనిపిస్తే అప్పుడు పరిగెత్తండి. రిపోర్ట్‌లో పీసీవీ (రక్తంలో ఎర్ర కణాల శాతం) పెరగతా ఉందా అన్నది డాక్టర్లు ప్లేట్‌లెట్లంత జాగ్రత్తగా చూస్తారు, రక్తంలో నీరు బయటికి కారిపోయి చిక్కబడితే అది పెరుగుతుంది. జ్వరానికి పారాసిటమాల్ తప్ప డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వేయొద్దు. బొప్పాయి ఆకు రసం నమ్ముకుని సెలైన్ పెట్టించుకోవడం మానొద్దు.

రెండు మాటలు రక్తం గడ్డకట్టే సమస్య మీద. కాన్పు అయ్యాక, ఆపరేషన్ అయ్యాక, రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాక ఒక్క కాలు మాత్రమే వాచి పిక్క నొప్పి పెడితే నూనె రాసి పిసకొద్దు, గడ్డ కదిలి ఊపిరితిత్తులకి పోతుంది. ఆసుపత్రిలో డాప్లర్ స్కాన్ చేయిస్తే తెలిసిపోతుంది.

వారాల తరబడి జ్వరం, ఎముకల నొప్పి, ఒంటి మీద నల్ల మచ్చలు, మెడలో గడ్డలు కలిసి ఉంటే, తెల్లకణాలు విపరీతంగా పెరిగో తగ్గో ఉంటే, పెరిఫెరల్ స్మియర్ అని అడగండి, మైక్రోస్కోపు కింద కణాలని కంటితో చూసే టెస్ట్, ఖర్చు తక్కువ. బ్లడ్ క్యాన్సర్ అనుమానం అక్కడే మొదట తగులుతుంది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం సరైన ట్రీట్‌మెంట్‌తో చాలామందికి నయమైపోతుంది, పేరు విని ఇంటికి తీసుకుపోవద్దు. మనకి స్విమ్స్ ఉంది, రుయా ఉంది, అలిపిరి దగ్గర క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు పట్టుకుని పోండి, పాత రిపోర్ట్‌లన్నీ తేదీల వరసలో ఒక ఫైల్లో పెట్టుకుని పోండి.

తలసేమియా, సికిల్ సెల్, హిమోఫిలియా ఉన్న ఇళ్లవాళ్లు ఇవి తెలుసుకోండి. బదులు దాత లేకపోయినా ప్రభుత్వ బ్లడ్ బ్యాంకులో ఈ పిల్లలకి రక్తం ఉచితంగా ఇవ్వాలి. 2016 దివ్యాంగుల చట్టంలో ఈ మూడూ ఉన్నాయి, సర్టిఫికెట్ తీసుకోవచ్చు. తలసేమియా, సికిల్ సెల్, తీవ్రమైన హిమోఫిలియాకి రాష్ట్రంలో నెలకి 10,000 రూపాయల పెన్షన్ ఉంది, డాక్టరు కాగితాలతో సచివాలయంలో అడగండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, 18 దాటి, 45 కేజీల పైన బరువు, హెచ్‌బీ 12.5 పైన ఉంటే మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి రక్తం ఇవ్వొచ్చు. పరీక్షలప్పుడు, ఎండాకాలం కాలేజీలు మూసినప్పుడు బ్లడ్ బ్యాంకుల్లో నిల్వలు పడిపోతాయి, తలసేమియా పిల్లలకి మాత్రం ఏప్రిల్లోనూ మేలోనూ అదే లెక్కన రక్తం కావాలి, ఇచ్చేవాళ్లు ఆ రెండు నెలల్లో ఇవ్వండి.